‘గాలి’ కాడ మెలిక

దిల్షాద్‌బీకి నయీంతో నిఖా అయిన మూడో నెలలో ప్రసూన ప్రొద్దుటూరుకు వచ్చి పాడింది. 2008, దసరా రోజులు. అప్పటికే ప్రసూన పేరు ఊరూరా మోగుతోంది. సొంతూరు పక్కనే ఉన్న జమ్మలమడుగు. తండ్రి ఆర్టీసీ కండక్టరు. సినిమాల్లోకి పోకముందే సొంతంగా పాటల సీడీ ఒకటి వేసింది. అందులో ‘కిటికీ పక్క సీటు’ అనే పాటను ఆటోల్లో, టీ అంగళ్లలో, పెళ్లిళ్లలో ఎక్కడబడితే అక్కడ వేసేవాళ్లు. బస్సులో కడపకు కాలేజీకి పోయే అమ్మాయి, తర్వాతి స్టేజీలో ఎక్కబోయే తన నేస్తం కోసం సీటు పట్టిపెట్టుకోవడం ఆ పాట. పల్లవి చివర ఇలా వస్తుంది:

ఎండ నా మీద, గాలి నీ మీద.

నయీం అప్పుడు అద్దె ఆటో తోలేవాడు. ఆ పాటంటే పిచ్చి ఉన్నా అందులో తప్పులు పట్టకుండా ఉండలేకపోయేవాడు.

“కిటికీ పక్కన కూర్చున్నోనికే గదా ఎండ కూడా తగిలేది? ఆయమ్మ మీద ఎట్ల పడతాది?” అనేవాడు.

“ఎండ ఆ పక్క కిటికీలోనుంచి వస్తాది. పొద్దున బస్సు అది,” అనేది దిల్షాద్‌బీ.

ఇంట్లో వాళ్లిద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. ఈ పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ తెలుగులోకి దిగి వాదించుకునేవాళ్లు. పాట తెలుగుది కాబట్టి కొట్లాట కూడా తెలుగులోనే జరగాలన్నట్టు ఉండేది వ్యవహారం.

ఆ రోజు హైస్కూలు మైదానంలో నిలబడడానికి చోటు లేక జనం గోడలెక్కారు. వీళ్లకు వెనకవైపు, సైకిల్ స్టాండు పక్కన కాస్త జాగా దొరికింది. ప్రసూన స్టేజీ మీద చూపుడువేలంత కనిపించింది. పాట అయిపోయాక నయీం ఆటో వెనక సీట్లో భార్యను కూర్చోబెట్టుకుని, ఊరంతా ఒక చుట్టు తిప్పి ఇంటికి తీసుకొచ్చాడు.

ఏడాది తిరక్కముందే అతను కువైటుకు వెళ్లిపోయాడు. ఒక షేకు ఇంట్లో కారు డ్రైవరు ఉద్యోగం. రెండేళ్లకో, మూడేళ్లకో నలభై రోజుల సెలవు. దిల్షాద్‌బీ ప్రొద్దుటూరులోనే అత్త దగ్గర ఉండిపోయి, కుట్టుమిషన్ పెట్టుకుంది. కూతురు తస్లీమా పుట్టినప్పుడు నయీం ఊళ్లో లేడు.

2011లో ప్రసూన జమ్మలమడుగులో పాడుతుందని తెలిసి, దిల్షాద్‌బీ రెండేళ్ల పిల్లను చంకనేసుకుని అత్తను తోడు తీసుకుని బస్సెక్కింది. సొంతూళ్లో పాడడం ప్రసూనకు అదే మొదలు. ముందు వరసలో ఆమె తండ్రి తెల్లచొక్కాతో కూర్చున్నాడు. దిల్షాద్‌బీ చేతిలో చిన్న బటన్ల ఫోను. పాట మొదలు కాగానే రికార్డింగు నొక్కి, చెయ్యి నొప్పి పుట్టేదాకా పైకెత్తి పట్టుకుంది. ఆ ఫోనులోని మెమరీ చిప్‌ను కాగితంలో చుట్టి, ఊరగాయ పొట్లంతో పాటు, కువైటుకు తిరిగి పోతున్న ఖాజీపేట మనిషి చేతికిచ్చి పంపింది. పది రోజులకు నయీం ఫోను చేశాడు.

“విన్నావా?”

“విన్నా, నాలుగుసార్లు. వాళ్ల నాయన ముందర కూర్చున్నాడని చెప్పినావు గదా, అది గొంతులో తెలుస్తాంది. భయపడుకుంటా, మెల్లగా పాడింది. శానా బాగుంది. అయితే ‘గాలి’ కాడ మెలిక తిప్పలేదు.”

“ఏం మెలిక?”

“ప్రొద్దుటూర్లో తిప్పింది గదా. ‘గా’ అని పైకి పోయి, మూడు మెట్లెక్కి, నిదానంగా ‘లి’ అని దిగింది. సీడీలో కూడా లేదది. ఆ రోజు ఒక్కసారే తిప్పింది. నీకు గుర్తులేదా?”

దిల్షాద్‌బీకి గుర్తు లేదు. గుర్తులేదంటే అతను చిన్నబుచ్చుకుంటాడని, “ఏమో, ఉన్నట్టుంది,” అంది.

2015లో ప్రసూన మళ్లీ ప్రొద్దుటూరుకు వచ్చింది. అప్పటికి సినిమాల్లో పెద్ద పేరు. వెనక పన్నెండు మంది డాన్సర్లు, డప్పులు, పొగ. పాటను గుర్రం మీద తోలినట్టు తోలింది. భార్య తీసి పంపిన వీడియో చూసి నయీం రెండు రోజులు కోపంగా ఉన్నాడు. “బస్సు పాట అది. ఇంత తొందరగా పాడితే ఆ పిల్లోడు యాడ ఎక్కుతాడు? స్టేజీ కూడా దాటిపోయింటాది బస్సు,” అన్నాడు. దిల్షాద్‌బీకి మాత్రం ఆ హుషారు నచ్చింది. ఆరేళ్ల తస్లీమా కుర్చీ మీదెక్కి ఎగిరింది మరి.

2019లో మళ్లీ జమ్మలమడుగులో పాడేనాటికి ఆ తండ్రి చనిపోయాడు. కీబోర్డు ఒక్కటే పెట్టుకుని, రెండో చరణం మధ్యలో ఆగిపోయింది ప్రసూన. మిగతాది జనమే పాడారు. భార్య పంపిన ఆ రికార్డింగు విని నయీం కువైట్లో కారు పక్కకు ఆపుకుని ఏడ్చానని చెప్పాడు. అది చెప్పి, “అయినా ప్రొద్దుటూరు మొదటిసారిదే మేలు. ఆ మెలిక మళ్లీ రాలేదు,” అన్నాడు.

టీవీల్లో, యూట్యూబులో ఆమె ఆ పాటను ఎన్నిసార్లు పాడిందో లెక్కే లేదు. అవేవీ వీళ్ల పోటీలోకి రావు. ఇద్దరిలో ఒకరైనా అక్కడ నిలబడి విన్నదే లెక్క. అలా మొత్తం నాలుగు. మొదటిదానికి రికార్డింగు లేదు. నయీం మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. అదే ఎప్పుడూ గెలిచేది.

“రికార్డింగు లేనిదాంతో ఎట్ల పోటీ పడాలప్పా ఆయమ్మ?” అని దిల్షాద్‌బీ విసుక్కునేది. వారానికొకసారి మాట్లాడుకునే ఆ అరగంటలో, ఇంటి సంగతులూ పిల్ల చదువూ అయిపోయాక, ఇద్దరికీ ఇష్టంగా మిగిలేది ఈ వాదనే.

పోయిన సంవత్సరం నవంబరులో చాంద్ బాషా తన స్పీకర్ పెట్టెలకు గుడ్డ తొడుగులు కుట్టమని దిల్షాద్‌బీ దగ్గరికి వచ్చాడు. ఊళ్లో ఏ సభ జరిగినా మైకులు అతనివే. పాత అంగడి ఖాళీ చేసి, శివాలయం వైపు కొత్త గది తీసుకున్నాడు. కొలతల కోసం ఆమె అక్కడికి వెళ్తే, నేల మీద అట్టపెట్టెల్లో వందల క్యాసెట్లు పరచి ఉన్నాయి.

“ఇవేంటివి చాంద్ భాయ్?”

“అప్పట్లో ప్రతి ప్రోగ్రాముకీ మిక్సర్‌కు టేపు తగిలించి పెట్టేవాణ్ణిమ్మా. నా సరదా. శానామటుకు బూజు పట్టిపోయినాయి.”

దిల్షాద్‌బీ ఆ పెట్టెల ముందు కూర్చుంది. “2008 దసరాది, ప్రసూన పాడిందుంటాదా?”

వెతకడానికి గంట పట్టింది. దొరికాక, అతను ఒక పాత టేపు రికార్డరుకు వైరు తగిలించి స్పీకర్లో పెట్టాడు. ముందు గుంపు గోల. తర్వాత మైకులో ఎవరో, పసుపు గౌను వేసుకున్న నాలుగేళ్ల పాప స్టేజీ దగ్గర ఉంది, తల్లిదండ్రులు వచ్చి తీసుకుపోవాలని చెప్పారు. దిల్షాద్‌బీకి ఆ ప్రకటన గుర్తుంది. అప్పుడు నయీం గుంపులో మడమలెత్తి ఆ పాపను చూడాలని చూశాడు. ఆ తర్వాత పాట.

గొంతు బొంగురుగా ఉంది. మొదటి చరణంలో ప్రసూన రెండుసార్లు దగ్గింది. రెండో చరణం ఎగరగొట్టేసి నేరుగా చివరి పల్లవికి వచ్చేసింది. ‘గాలి’ దగ్గర మెలిక లేదు సరికదా, ఆ మాటే సరిగ్గా పలకలేదు. గాలి అని గబుక్కున అనేసి ఊపిరి పీల్చుకుంది.

“జ్వరంలో పాడినట్టుంది పాపం,” అన్నాడు చాంద్ బాషా.

దిల్షాద్‌బీ మళ్లీ వేయించుకుని వింది. నాలుగింటిలో ఇదే నాసిరకం. అందులో సందేహం లేదు. అతను దాన్ని ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. తొడుగుల కొలతలు తీసుకోవడం మరిచిపోయి ఆమె ఇంటికి వచ్చేసింది.

ఆ వారం నయీం ఫోను చేసినప్పుడు ఆమె ఆ సంగతి ఎత్తలేదు. మరుసటి వారం కూడా ఎత్తలేదు. పరాయి దేశంలో ఒంటిగా ఉన్న మనిషి పదహారేళ్లు దాచుకున్నదాన్ని ఫోనులో ఎలా తీసేయడం? తస్లీమా ఇంటరు మొదటి సంవత్సరం. ఆ టేపు పాట విని, “పంపొద్దమ్మీ. అబ్బాకు అదొక్కటే గొప్పగా ఉండాది,” అంది. మూడు రోజుల తర్వాత తనే వచ్చి, “పంపకపోతే నువ్వు అబద్ధం ఆడినట్టు గదా,” అంది. దిల్షాద్‌బీ ఎటూ తేల్చుకోలేక ఊరుకుంది.

జనవరి ఆఖరులో నయీం వచ్చేశాడు. షేకు పిల్లలు పెద్దవాళ్లయి సొంతంగా కార్లు నడుపుకుంటున్నారు, ఇక డ్రైవరు అక్కర్లేదన్నారు. ఈసారి తిరుగు టిక్కెట్టు లేదు. జుట్టు సగం నెరిసింది. ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో తెలియక వంటింట్లో తచ్చాడుతుంటే, దిల్షాద్‌బీకి నవ్వూ జాలీ కలిసి వచ్చాయి.

రెండో రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె చెప్పింది.

“చాంద్ భాయ్ దగ్గర మొదటిసారిది దొరికింది. వింటావా? నువ్వనుకున్నట్టు లేదు, ముందే చెప్తాండా.”

నయీం విన్నాడు. పసుపు గౌను ప్రకటన దగ్గర నవ్వాడు. పాట మొదలయ్యాక ఆ నవ్వు మెల్లగా పోయింది. ‘గాలి’ దాటాక ఫోను తీసుకుని తనే మళ్లీ వెనక్కి జరిపి విన్నాడు.

“ఇది ఆ రోజుది కాదు.”

“పసుపు గౌను పాప ఉండాది గదా.”

“ఉండాది,” అన్నాడు. ఫోను తిరిగిచ్చేశాడు. “నెలల తరబడి ఎడారిలో బండి తోల్తా, రోజూ దాన్నే ఇనుకుంటాంటి, మనసులో. లేనిదాన్ని ఇన్నాను చూడు.”

“నీ తప్పేముందిలే.”

అతను చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. చీకటి పడకముందే వచ్చాడు గానీ మాట్లాడలేదు. మర్నాడూ అంతే. అడిగినదానికి జవాబు చెప్పడం, పెట్టింది తినడం. దిల్షాద్‌బీ తనను తాను తిట్టుకుంది. ఇంటికి రానిచ్చి, కాళ్లు కడుక్కోనిచ్చి, ఒక నెల ఆగి చెప్పి ఉండొచ్చు కదా అనుకుంది.

ఆ తర్వాతి రోజు పొద్దున ఆమె మిషన్ దగ్గర కూర్చుంది. నవంబరు నుంచి నానుతున్న చాంద్ బాషా తొడుగులకు ఇంక గడువు లేదు. మందపాటి గుడ్డ, సూది విరగకుండా నిదానంగా తొక్కాలి. చేతులు పనిలో పడ్డాక నోరు దాని దారిన అది పాడుతుంది, ఎప్పుడూ ఉన్న అలవాటే. నయీం ముందు గదిలో, చదువుకుంటున్న తస్లీమా పక్కన, ఆమె ఫిజిక్సు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి గుమ్మంలో నీడ పడింది.

“మళ్లొకసారి అను.”

“ఏంది?” అంది ఆమె తలెత్తకుండా.

“ఇప్పుడు పాడినావే, అది. గాలి కాడ.”

ఆమె మిషన్ ఆపింది. అనబోయింది. “గాలి,” అంది, మామూలుగా. “ఇట్లనేనా?”

“కాదు. మిషన్ తొక్కు. తొక్కుతా పాడు. నేను ఈడ లేననుకో.”

అతను గోడ అవతలికి వెళ్లి నిలబడ్డాడు. దిల్షాద్‌బీకి ఏమీ అర్థం కాలేదు. అయినా గుడ్డ సరిచేసుకుని తొక్కడం మొదలుపెట్టింది. ఒక అంచు పూర్తయింది. రెండో అంచు సగంలో ఉండగా, ఆమె గొంతు ‘గా’ అని పైకి లేచి, మూడు మెట్లెక్కి, ఎక్కడా తొందర లేకుండా ‘లి’ అని దిగింది.

ముందు గదిలోంచి తస్లీమా గొంతు వినిపించింది. “అబ్బా, నువ్వు చెప్పే మెలిక ఇదేనా? అమ్మీ ఎప్పుడూ ఇట్లనే పాడతాది గదా.”

నయీం లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, “ఎవరు నేర్పించినారు నీకు?”

“ఎవరు నేర్పిస్తారు? అదట్ల వస్తాది, అంతే.”

“ఆ రోజు ఆటోలో, వచ్చేటప్పుడు పాడినావు నువ్వు. నేను ముందు కూర్చోని తోల్తాండా. నువ్వు వెనక. ‘ఆయమ్మ ఇట్ల కదా పాడాల్సింది’ అని పాడినావు.”

“నాకు గుర్తులేదు.”

“నాకిప్పుడు గుర్తొస్తాంది.”

అది నిజంగా గుర్తొచ్చిందో, ఆ క్షణాన కల్పించుకున్నాడో దిల్షాద్‌బీకి తెలియలేదు. ఒకసారి మోసం చేసిన జ్ఞాపకం కదా అని నోటిదాకా వచ్చింది. కానీ అతని ముఖంలో మూడు రోజుల మబ్బు విడిపోవడం చూసి ఆ మాట మింగేసింది.

ఫిబ్రవరిలో పులివెందులలో ఒక ప్రైవేటు కాలేజీ వార్షికోత్సవానికి ప్రసూనను పిలిచారు. సౌండు చాంద్ బాషాది. అతని వ్యాను డ్రైవరు ముందు రోజే పని మానేశాడని తెలిసి, నయీం తాళాలు తీసుకున్నాడు. “పదహారేండ్లు తోలినా. ఆడ కుడిపక్కన తోల్తారు, ఈడ రాంగు సైడు రాకుండా చూసుకుంటే సరిపోతాది,” అన్నాడు. దిల్షాద్‌బీ, తస్లీమా స్పీకర్ పెట్టెలతో పాటు వ్యానులోనే వెళ్లారు. ముద్దనూరు దాటాక దోవ పొడుగునా చీనీ బత్తాయి తోటలు, అరటి తోటలు.

మధ్యాహ్నం మూడింటికి సౌండు చూసుకోవడానికి ప్రసూన వచ్చింది. నూలు చీర, కళ్లద్దాలు, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. స్టేజీ మీద స్టూలు వేయించుకుని కూర్చుని, కీబోర్డు అతనికి శ్రుతి ఒకటిన్నర మెట్లు కిందికి దించమని చెప్పింది. చాంద్ బాషా నయీంను చూపించి, ఇతని దగ్గర మీ ఒక్క పాటకే పదహారేళ్ల చరిత్ర ఉందని చెప్పాడు. ఆమె నవ్వి దగ్గరికి రమ్మంది.

నయీం మొదట తడబడ్డాడు. నోరు తెరిచాక ఆగలేదు. జమ్మలమడుగులో రెండోసారిది ఎందుకు గొప్పదో, డాన్సర్లతో పాడింది ఎందుకు తనకు నచ్చలేదో ముఖం మీదే చెప్పేశాడు. దిల్షాద్‌బీ అతని చొక్కా లాగింది.

“చెప్పనీమ్మా. ఇంత విని ఎవురు చెప్తారు నాకు?” అంది ప్రసూన. ఏళ్ల తరబడి హైదరాబాదులో ఉన్నా, ఈ మాటలతో ఆమె యాస జమ్మలమడుగుకు వచ్చేసింది. “ప్రొద్దుటూరుది మొదటిసారిది విన్నారా? నూటరెండు జ్వరం ఆ పొద్దు. రెండో చరణం పాడితే పడిపోతానని ఎగరగొట్టినా. ఎవురూ కనుక్కోలేదని ఇన్నేండ్లూ సంతోషపడతాంటి.”

“మేము కనుక్కున్నాం, పోయిన నవంబర్లో,” అన్నాడు నయీం. మెలిక సంగతీ చెప్పాడు.

ప్రసూన దిల్షాద్‌బీ వైపు తిరిగింది. “ఏదీ, అనుమ్మా.”

“ఈయన చూస్తాంటే రాదు మేడమ్.”

నయీం వెంటనే వెనక్కి తిరిగి స్పీకర్ల వైపు నడిచాడు. మిషన్ లేదు. దిల్షాద్‌బీ కుడికాలితో నేల మీద తొక్కుతున్నట్టు తాళం వేసుకుంది. కళ్లు మూసుకుని చిన్నగా పాడింది. ప్రసూన తల పక్కకు వంచి వింది. మళ్లీ పాడించుకుని, తను మైకు లేకుండా ప్రయత్నించింది. రెండు మెట్లు ఎక్కింది. మూడోదాని దగ్గర గొంతు గీసుకుపోయింది. ఇంకోసారి ప్రయత్నించినా అంతే.

“పోదు. నా గొంతు ఇప్పుడు ఆడికి పోదు,” అని ఫ్లాస్కు మూత తీసి రెండు గుక్కలు తాగింది. “శానా బాగుందమ్మా. ఈ పాట రాసిన పూట నాకు తట్టింటే బాగుండు.” ఆ మాటలో ఈర్ష్యలాంటిది ఒకటి లీలగా వినిపించింది. అది దిల్షాద్‌బీకి ఏ పొగడ్త కన్నా ఎక్కువగా నచ్చింది.

ఎండ తగ్గాక సభ మొదలైంది. ప్రసూన స్టూలు మీద కూర్చునే పాడింది. పాట ఇంతకుముందు ఎప్పుడూ లేనంత నిదానంగా వచ్చింది. ‘గాలి’ దగ్గర ఆమె ఏ మెలికా తిప్పలేదు. ఆ మాటను మామూలుగా, పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పినట్టు చెప్పి వదిలేసింది. కుర్రకారు సెల్‌ఫోన్లు పైకెత్తి ఊపుతున్నారు. మొదటి వరసలో ఒక పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

చప్పట్లు ఆగాక నయీం భార్య వైపు వంగాడు. “ఆయమ్మ నీది పాడతాదేమో అనుకున్నా.”

“ఆయమ్మ పాడకూడదనే నేను కోరుకున్నా,” అంది దిల్షాద్‌బీ. “పాడింటే మనకేం మిగులుతాది?”

“సరే గానీ, ఐదింటిలో ఇదే మేలు అంటాండా నేను.”

“కాదు. జమ్మలమడుగులో వాళ్ల నాయన ముందు పాడిందే మేలు.”

“అప్పుడు ఆయమ్మకు ఈ పాట సరిగ్గా అర్థమే కాలేదు. భయంతో పాడింది.”

“ఆ భయమే గదా బాగుండేది.”

మధ్యలో కూర్చున్న తస్లీమా ఇద్దరినీ చూసి, డాన్సర్లతో పాడిందే అన్నిటికన్నా బాగుందని తేల్చింది. తల్లీతండ్రీ ఒక్కటై ఆమె మీద పడ్డారు. సామాన్లు సర్దాలి రమ్మని చాంద్ బాషా రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు.

ఇప్పుడు నయీం చాంద్ బాషా దగ్గరే వ్యాను తోలుతున్నాడు. వారంలో నాలుగు రోజులు ఎక్కడో ఒక ఊళ్లో కార్యక్రమం ఉంటుంది. మైకులు బిగించాక, జనం రాకముందు, పెండ్లిమర్రి నుంచో మైదుకూరు నుంచో ఇంటికి ఫోను చేస్తాడు. ఆ గంటకు దిల్షాద్‌బీ మిషన్ మీదే ఉంటుంది. ఫోనును స్పీకర్లో పెట్టి పక్కన పెట్టుకుని, గుడ్డ మీదనుంచి కళ్లు తీయకుండా మాట్లాడుతుంది, మాటల మధ్య నోరు దాని దారిన అది పాట అందుకుంటుంది. మొన్న అతను ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఉండిపోతే, “ఏమప్పా, ఉండావా?” అని అడిగింది.

“ఉండా. నువ్వు కుట్టుకో,” అన్నాడు.